అంజినప్ప తాత ఎలుకలు

ఎలుకను ఇష్టపడే మనిషి ఎక్కడైనా ఉంటాడా? వినాయక చవితినాడు స్వామి కాళ్ళ దగ్గరుండే మట్టి ఎలుకకు కూడా ఇంత కుంకుమ అద్ది దండం పెట్టుకుని, నిమజ్జనం అయిన మర్నాడే అంగడికి పోయి ఎలుకల బోను బేరమాడే జనం మనం. కోలారు బంగారు గనుల దగ్గర, ఊరిగాం లైన్లలో ఉండే జనమూ అంతే. ఒక్క అంజినప్ప తప్ప.

లైన్లు అంటే గనులు నడిచే రోజుల్లో కంపెనీ తన పనివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళ వరసలు. వరసకు ఎనిమిది ఇళ్ళు. పక్కింటికీ మనింటికీ మధ్య ఒకటే మట్టిగోడ, పైన రేకులు. గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటిపోయింది. కంపెనీ వెళ్ళిపోయింది గానీ గోడలను వెంట తీసుకుపోలేదు కదా, అవి ఏటేటా వానలకు నానుతూ అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మనుషులు కాపురం ఉంటున్నారు, వాటి లోపల ఎలుకలు కాపురం ఉంటున్నాయి.

అంజినప్ప ఆ గనుల్లో ఇరవై రెండేళ్ళు టింబర్‌మ్యాన్‌గా పనిచేశాడు. తవ్విన సొరంగం మీద పడకుండా దుంగలు నిలబెట్టి ఆపడం ఆయన పని. ఇప్పుడు డెబ్భై దాటాయి. రోజూ పొద్దుగూకే వేళకు సంగటి తిని, చివర్లో నిమ్మకాయంత ముద్ద మిగిల్చి, వంటింటి మూల గోడ వారగా ఉన్న రేకు మూతలో పెట్టి, అప్పుడు చేయి కడుక్కునేవాడు. ఇంట్లో పండగ జరిగినా, జ్వరంతో మూలుగుతున్నా ఆ ముద్ద మాత్రం తప్పలేదు. తెల్లారేసరికి మూత నాకినట్టు ఖాళీగా ఉండేది.

"ఈ ఇంట్లో మనుషుల కంటే ఎలకలకే మర్యాద జాస్తి," అని ఆయన భార్య రామక్క రోజూ గొణిగేది.

"అది మర్యాద కాదే, కూలి. అవి పని చేస్తా ఉండాయి, మనం పెడతా ఉండాము," అనేవాడు అంజినప్ప.

ఎలుకలు చేసే పనేమిటో మనవరాలు నేత్రావతికి బాగా తెలుసు. పదకొండేళ్ళ ఆ పిల్లకు అమ్మా నాన్నా దొరికేది ఆదివారమే. ఇద్దరూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, దీపాలు పెట్టాక వస్తారు. అందుకని నేత్రను పెంచిందంతా తాతా అవ్వా. తాత ఒళ్ళో కూర్చుని ఆ కథ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

గనిలో అరమైలు లోతున అన్నం తినేటప్పుడు పనివాళ్ళందరూ ఎలుకలకు ఇంత విసిరేవారట. లోపల ఎలుకను కొట్టినవాడితో ఎవరూ మాట్లాడేవారు కాదట. ఒకనాడు అన్నం వేళ ఎలుకలు మెతుకు ముట్టకుండా, ఒకదాని వెనక ఒకటి బయటికి పోయే దారి పట్టాయి. అంజినప్ప క్యారియర్ అక్కడే వదిలేసి "లెయ్యండప్పా!" అని అరిచి పరిగెత్తాడు. ఏడుగురు ఆయన వెంట వచ్చారు. ఆయన జోడీ చిన్నవెంకటప్ప మాత్రం నవ్వి, "ఎలక చెప్తే నేను లేస్తానా? తినేసి వస్తా పో," అన్నాడు. ఆ తినడం పూర్తి కాలేదు. బరువుకు రాయి పేలి కప్పు దిగబడింది. దాన్ని గనుల్లో ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. మూడు రోజులు తవ్వితే గానీ చిన్నవెంకటప్ప దొరకలేదు.

"వాడు నా మాట నమ్మలేదమ్మా," అనేవాడు తాత. ప్రతిసారీ కథ అక్కడే ఆగిపోయేది.

అందుకని వానాకాలంలో ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది అంజినప్ప ఆకాశాన్ని చూసి చెప్పడు, గోడను చూసీ చెప్పడు. పొద్దున లేచి రేకు మూత చూస్తాడు. ముద్ద అయిపోయిందంటే ఎలుకలు గోడలో ఉన్నట్టు, ఎలుకలు ఉన్నాయంటే గోడ ఉన్నట్టు. గడపలో నిలబడి "ఏం భయం లేదు" అనేవాడు. ఆ మాట చాలు, ఎనిమిదిళ్ళ వాళ్ళూ పనులు చూసుకునేవారు. నవ్వేవాళ్ళు నవ్వేవారు, కానీ ఆ మాట వినకుండా మాత్రం ఎవరూ ఉండేవారు కాదు. ఏడుగురిని బతికించిన నోరు అది.

నేత్రకు ఎలుకల మీద ప్రేమా లేదు, పగా లేదు. పుట్టినప్పటి నుంచీ అవి ఇంట్లో ఉన్నాయి, తనూ ఉంది. వాటిలో పెద్దదానికి ఒక చెవి చిరిగి ఉండేది. దాన్ని తాత "మేస్త్రీ" అనేవాడు. ముద్ద పెట్టగానే ముందు మేస్త్రీ వచ్చి అటూ ఇటూ చూసి వెళ్ళేది, తర్వాత మిగిలినవి వచ్చేవి. చూడటానికి సరదాగానే ఉండేది.

ఆ ఏడు కార్తీకంలో అంతా చెడింది.

నేత్ర ఆరో తరగతి. బంగారుపేటలో బడి పిల్లల సైన్సు ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, తాతను అడిగి అడిగి గనిలోకి దిగే నిలువు దారి, అదే షాఫ్టు, బొమ్మ ఒకటి చేసింది. అట్టపెట్టెలు కోసి గోపురం కట్టింది. దారపు కండెలను చక్రాలుగా బిగించింది. దారం లాగితే, మనుషులను దించే కేజ్‌గా పెట్టిన అగ్గిపెట్టె పైకి రావాలి, వదిలితే కిందికి దిగాలి. తాత పక్కన కూర్చుని "ఆ దుంగ అడ్డంగా కాదమ్మా, ఏటవాలుగా పెట్టు, అప్పుడే బరువు ఆపుతాది" అని నేర్పాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. క్లాసులో అంత బొమ్మ ఇంకెవ్వరూ చేయలేదు. టీచరు చూసి, సోమవారం నువ్వే బంగారుపేటకు రావాలి అని చెప్పింది.

శనివారం పొద్దున లేచి చూస్తే గోపురం నడుముకు తెగి పడి ఉంది. కేజ్ లేదు. మైదా గంజి పూసి అతికించిన చోటల్లా కొరికి కొరికి అట్టను పిప్పి చేశాయి.

"తాతా, సూడు! అంతా కొరికేసినాయి!" అని నేత్ర గొంతు చించుకుంది.

అంజినప్ప వచ్చి, వంగి, ఒక అట్టముక్క తీసి వాసన చూశాడు. "మైదా గంజి పూసినావు కదమ్మా. తిండేమో అనుకున్నాయి. వాటికేం తెలుసు పాపం."

"వాటికి పాపమా? మరి నాకు?"

"ఇంగోటి చేసుకుందాం లేమ్మా."

"ఎప్పుడు చేసేది? ఎల్లుండే పోవాల!"

"ఈ యేడు కాకుంటే వచ్చే యేడు ఉండాది కదా."

పదకొండేళ్ళ పిల్లతో వచ్చే ఏడు అనడం ఎంత అన్యాయమో పెద్దవాళ్ళకు ఎన్నటికీ అర్థం కాదు. నేత్ర ఆ రోజంతా ఏడ్చింది. తాత ఎలుకల మీద ఒక్క తిట్టు తిట్టి ఉంటే, చీపురు తీసుకుని ఒక్క గోడ మీదైనా కొట్టి ఉంటే, కనీసం ఆ ఒక్క పూట వాటిని పస్తు పెట్టి ఉంటే ఆ పిల్ల కోపం అక్కడితో తీరిపోయేది. అంజినప్పకు అది తోచలేదు. పొద్దుగూకింది, సంగటి తిన్నాడు, ఎప్పటిలాగే నిమ్మకాయంత ముద్ద రేకు మూతలో పెట్టి, చేయి కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు.

నేత్ర అప్పటికే సిద్ధంగా ఉంది. మధ్యాహ్నమే బస్టాండు అంగడికి పోయి "మా అవ్వ తెమ్మనింది" అని చెప్పి ఎలుకల మందు బిళ్ళలు తెచ్చి, పుస్తకాల సంచిలో దాచింది. నీలం రంగు బిళ్ళలు. నాలుగిళ్ళ అవతల ఉండే ఓబలప్ప ఈ బిళ్ళలే ఎన్నోసార్లు గోడ కన్నాల దగ్గర పెట్టి ఓడిపోయాడని ఆమెకు తెలుసు. ఎలుక తెలివిగలది, కొత్త వస్తువు కనిపిస్తే చుట్టూ తిరిగి వాసన చూసి వెళ్ళిపోతుంది. కానీ తాత పెట్టిన ముద్దను మాత్రం అవి వాసన కూడా చూడకుండా తినేస్తాయి. నేత్ర ఆ ముద్దను విప్పి, మందు పొడి చేసి లోపల కూరి, మళ్ళీ గుండ్రంగా చేసి మూతలో పెట్టేసింది. తాత చేయి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె తలవంచుకుని తన సంగటి తింటోంది.

ఆదివారం పొద్దున మూత ఖాళీ. ఆదివారం సాయంత్రం మళ్ళీ అదే పని చేసింది. సోమవారం పొద్దున మళ్ళీ ఖాళీ. ఆ రోజు టీచరు వేరే పిల్లను బంగారుపేటకు తీసుకుపోయింది. నేత్ర కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకుంది.

మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి దొడ్లోకి పోతే కుళాయి కింద తడిలో మేస్త్రీ కనిపించింది. పట్టపగలు. నేత్ర అడుగుల చప్పుడుకు పారిపోలేదు. తల పైకెత్తి చూసి, మళ్ళీ తడి నేల నాకసాగింది. దాని నడక మందగించి, వెనక కాళ్ళు ఈడుస్తోంది. "ఛీ, పో," అంది నేత్ర. మేస్త్రీ నిదానంగా కాలువలోకి దిగి కనబడకుండా పోయింది. నేత్ర నీళ్ళు తాగకుండానే లోపలికి వచ్చేసింది. మిగిలిన బిళ్ళలు తీసుకుపోయి ముళ్ళకంపల్లో పారేసింది. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున మూతలో ముద్ద అలాగే ఉంది.

ఆ రోజే మద్రాసు వైపు వాయుగుండం అన్నారు, ఇక్కడ ముసురు పట్టింది. బుధవారం పొద్దున కూడా ముద్ద ఎండి, పగిలి, అలాగే ఉంది. అంజినప్ప దాన్ని తీసి పారేసి కొత్తది పెట్టాడు. గోడకు చెవి ఆనించి వేలితో తట్టాడు. కన్నాల ముందు గుప్పెడు పిండి చల్లి, అడుగుల జాడ పడుతుందేమో అని గంటకోసారి వచ్చి చూశాడు. అన్నం సరిగా తినలేదు. నేత్ర ఆయన వెనకాలే తిరిగింది, నోరు మాత్రం విప్పలేదు. చెబితే తాత కొడతాడని కాదు, ఆయన ఎన్నడూ కొట్టలేదు. చెబితే తాత తనను చూసే చూపు మారిపోతుందని భయం.

గురువారం తెల్లారింది. అమ్మా నాన్నా రైలుకు పోయి గంటయింది. వాన ఇంకా పడుతూనే ఉంది. పిండి మీద ఒక్క అడుగు జాడ లేదు, ముద్ద కదల్లేదు. అంజినప్ప మొహం పాలిపోయింది.

"ఏమే, లెయ్," అన్నాడు రామక్కతో. "బిడ్డను తీసుకొని బయటికి పో. రెండు దినాలాయె, ఒక్కటీ లేదు. ఇల్లు వదిలి పోయినాయి."

"ఈ వానలో యాడికి పోయేది?"

"పాత బడి వరండాకు. నడువు, మాట్లాడొద్దు."

తర్వాత ఆయన మూలనున్న ఇనుప కడ్డీ తీసుకుని, గొడుగైనా లేకుండా వానలోకి దిగి తలుపు తలుపూ బాదాడు. "లెయ్యండప్పా! బయటికి రండి! ఎలకలు పోయినాయి!"

నలభై ఏళ్ళ కిందటి అరుపు అది. లైన్‌లో అందరికీ ఆ అరుపు కథగా తెలుసు, ఎవరూ వినలేదు. విన్నాక ఎవరూ నవ్వలేదు. గిన్నెలు, దుప్పట్లు, ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఒక్కొక్కరే బయటికి వచ్చారు. పక్కింటి గంగమ్మ మాత్రం గడపలో తటపటాయించింది. ఆమె కోడలు ప్రసవించి ఇరవై రోజులు కాలేదు.

"పసిబిడ్డ, పచ్చి బాలింత. ఈ చలిలో ఎట్ల తీసుకొని పోయేది పెద్దాయనా?"

"గోడ కింద ఉండేదాని కంటే చలిలో ఉండేది మేలు గంగమ్మా. నా మాట నమ్ము."

"నీ మాట నమ్మకుండా ఎప్పుడుండినాము?" అని గంగమ్మ మనవణ్ణి చీర కొంగులో చుట్టుకుని, పైన ప్లాస్టిక్ పట్ట కప్పుకుని వానలోకి అడుగుపెట్టింది.

నేత్ర అది చూసింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. "తాతా," అంది.

"చెప్పులు ఏసుకోమ్మా, రాళ్ళుండాయి," అన్నాడు అంజినప్ప, ఆమె వైపు చూడకుండానే. ఆమె చెప్పులు వేసుకుంది.

ఒక్క ఓబలప్ప రాలేదు. మంచం మీది నుంచే కేక వేశాడు. "ఏం పెద్దాయనా, ఎలకలు నీకు చెప్పి పోయినాయా? నేను రాను. పడితే నా మీదనే పడనీ!"

పాత బడి మూతపడి చాలా ఏళ్ళయింది. దాని వరండాలో ముప్పై మంది గోడకు ఆనుకుని కూర్చున్నారు. జల్లు లోపలికి కొడుతోంది. అంజినప్ప తన కంబళి తీసి గంగమ్మ కోడలికి కప్పి, తను చొక్కాతోనే గేటు దగ్గర నిలబడి లైన్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. గోడ పడితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. దానికోసం చెవులు రిక్కించుకున్నాడు. మధ్యాహ్నం అయింది. వంట లేదు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోసాగారు. సాయంత్రానికి పసిబిడ్డ ఒళ్ళు కాలింది. గంగమ్మ బిడ్డను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతూ అంజినప్ప వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేత్ర కూడా చూసింది.

రైలు దిగి నాన్న పురుషోత్తమ్ తిన్నగా బడి దగ్గరికే వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పారట.

"నాయనా, ఏందిది? లైనంతా వానలో కూర్చోబెట్టినావా?"

"పడతాదిరా పురుషోత్తమా. నేను చెప్తా ఉండాను కదా. అవి ఊరికే, సుమ్నే పోవు."

"నువ్వు ఇంగా గనిలోనే ఉండావు నాయనా. మేము లేము. లెయ్, ఇంటికి పోదాం."

అందరూ మూటలు ఎత్తుకుని తిరిగి నడిచారు. లైను ఉన్నది ఉన్నట్టు నిలబడి ఉంది. ఒక్క పెళ్ళ ఊడలేదు. ఓబలప్ప గడపలో కూర్చుని వేడివేడి టీ తాగుతూ, "రాండి రాండి, ఎలకల ఇంజనీరు వచ్చినాడు!" అన్నాడు. అప్పుడు నవ్వారు జనం. పొద్దున లేని నవ్వంతా దాచిపెట్టుకున్నట్టు ఒక్కసారిగా నవ్వారు.

అంజినప్ప లోపలికి రాలేదు. శుక్రవారం రోజంతా జల్లులో గడప మెట్టు మీద కూర్చుని దగ్గుతూ ఉండిపోయాడు. వచ్చేపోయేవాళ్ళకు "పడతాది, జాగ్రత్తప్పా" అని చెప్పాడు. వాళ్ళు తలకాయ ఊపి పక్కకు తిరిగి నవ్వుకుంటూ పోయారు. నేత్ర తువ్వాలు తెచ్చి తాత తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ దేవుడికి దండం పెట్టుకుంది. ఒక్క గోడైనా పడాలి స్వామీ, ఓబలప్ప గోడ అయితే మరీ మంచిది, అతను బయటికి పోయినప్పుడే పడనీ, కానీ పడాలి. ఇల్లు పడాలని దండం పెట్టుకునే పిల్ల ఆ లైన్‌లో అంతకు ముందు పుట్టి ఉండదు.

గోడలు ఏవీ పడలేదు. శనివారం ఎండ వచ్చింది. ఎండతోపాటు వాసన వచ్చింది.

రామక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బియ్యం డబ్బా జరిపింది. వెనకాల ఐదు ఎలుకలు చచ్చి ఉన్నాయి. ఒకదాని పక్కన కళ్ళు తెరవని పిల్లలు. అవీ చచ్చాయి. రామక్క వీధిలోకి పరిగెత్తి గంగమ్మ తలుపు ముందు చేతులు తిప్పింది. "మందు పెట్టినావు కదా! నీ గోడలో నుంచే కదా వచ్చేది! నా మొగుణ్ణి ఊరంతా పిచ్చోణ్ణి చేసినావు!"

"నా మనవడు జ్వరంతో ఆస్పత్రిలో ఉంటే నేను ఎలకలకు మందు పెడతానా? నోరు మంచిది కాదు రామక్కా!" అని గంగమ్మ ఎగబడింది. గలాటాకు లైనంతా బయటికి వచ్చింది. తండ్రికి దగ్గు ఎక్కువైందని ఆ రోజు పనికి పోకుండా ఆగిన పురుషోత్తమ్ ఇద్దరి మధ్యా చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. అంజినప్ప మెట్టు మీదే ఉన్నాడు.

"నేను పెట్టినాను," అంది నేత్ర.

ఎవరూ వినలేదు. మళ్ళీ గట్టిగా అరిచింది. "అవ్వా, నేను! నేనే పెట్టినాను మందు. నా బొమ్మ కొరికినాయని పెట్టినాను. ఎలకలు తాతకు తప్పు చెప్పలేదు. తాత మీకు తప్పు చెప్పలేదు. అవి పోలేదు, నేనే చంపినాను!"

ఈ మాటతో తాత పరువు నిలబడుతుందని ఆ పిల్ల నమ్మింది. ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్నది ఇంత ధైర్యం చేసి బయట పెడితే, జనం తలలు వంచుకుని తాత దగ్గరికి వచ్చి తప్పయిందనాలి కదా. అలా అనలేదు. ముందు ఓబలప్ప నవ్వాడు. "అబ్బబ్బ! మనవరాలు మందు పెట్టె, తాత లైనంతా వానలో నిలబెట్టె!" అన్నాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గంగమ్మ మాత్రం నవ్వకుండా నేత్ర మొహంలోకి చూసి, "నా మనవడికి ఏమన్నా అయ్యింటే?" అని లోపలికి పోయి తలుపేసుకుంది. పురుషోత్తమ్ చెయ్యి ఎత్తాడు. అంజినప్ప లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని దించాడు.

తర్వాత ఆయన లోపలికి పోయి చచ్చిన ఎలుకలను పాత గంపలోకి ఎత్తాడు. పిల్లలను ఒక గుడ్డలో చుట్టాడు. వాటిలో మేస్త్రీ లేకపోతే కాలువలో వెతికి దాన్ని కూడా తీశాడు. గంప ఒక చేతిలో, కడ్డీ ఒక చేతిలో పట్టుకుని లైన్ల వెనక, గని మన్ను గుట్టలా పోసిన సైనైడ్ దిబ్బ కనబడే బీడులోకి నడిచాడు. నేత్ర వెనకాలే పోయింది. రావద్దని ఆయన అనలేదు, రమ్మనీ అనలేదు.

కడ్డీతో గుంత తవ్వడానికి చాలాసేపు పట్టింది. మధ్య మధ్య ఆగి దగ్గాడు. అన్నిటినీ పడుకోబెట్టి మన్ను కప్పాక, కూర్చుని అడిగాడు.

"మందు యాడ పెట్టినావమ్మా? బొక్కల కాడనా?"

అవును అంటే సరిపోయేది. ఓబలప్ప పెట్టినట్టే పెట్టింది, ఈసారి తిన్నాయి అనుకుని ఆయన లేచి వచ్చేసేవాడు. నేత్రకు ఆ సంగతి తెలుసు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మేస్త్రీ తడి నేల నాకుతూ తనను చూసిన చూపు గుర్తుకొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది.

"కాదు తాతా. నువ్వు పెట్టిన ముద్దలో."

అంజినప్ప చాలాసేపు తన కుడి చేతిని చూసుకున్నాడు. దానికి అంటిన మన్ను కూడా తుడుచుకోలేదు.

"చిన్నవెంకటప్ప నన్ను నమ్మక పోయినాడు," అన్నాడు చివరికి. "ఇవి నన్ను నమ్మి పోయినాయి."

నేత్ర ఏడుస్తూ ఆయన భుజం పట్టుకుంది. ఆయన విదిలించలేదు, దగ్గరికీ తీసుకోలేదు. కడ్డీ ఊతంగా లేచి ఇంటి దారి పట్టాడు.

పది రోజులకు మళ్ళీ ముసురు పట్టింది. గంగమ్మ మనవడికి జ్వరం తగ్గి ఇంటికి తెచ్చారు. బడి పిల్లలు అంజినప్ప కనబడితే "ఎలకల ఇంజనీరు" అని అరిచి పారిపోతున్నారు. ఆయన పట్టించుకోవడం లేదు. సంగటి తింటున్నాడు, చేయి కడుక్కుంటున్నాడు, పడుకుంటున్నాడు. వాన పెద్దదవుతోంది. ఎనిమిదిళ్ళలో ఒక్కరూ వచ్చి ఆయనను ఏమీ అడగలేదు.

నేత్ర వంటింట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే ట్రంకు పెట్టె వెనకాల ఏదో రాలిన చప్పుడయింది. వంగి చూస్తే గోడ లోంచి గుప్పెడు తడి మన్ను జారి పడింది. ఇలాంటిది ఇదివరకు కూడా ఎన్నోసార్లు రాలే ఉంటుంది, ఆమె ఎన్నడూ తల తిప్పి చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ఇంట్లో ఆమెకు భయం వేసింది. పరిగెత్తుకుంటూ తాత మంచం దగ్గరికి పోయింది.

"తాతా, మన్ను రాలతా ఉండాది. ఇల్లు ఏమీ కాదు కదా? ఈడనే పండుకోవచ్చా మనం?"

"నన్నడిగితే నాకేం తెలుసమ్మా," అన్నాడు అంజినప్ప. "తెలిసినోళ్ళను మనమే పూడ్చిపెట్టి వచ్చినాం కదా."

కంబళి మెడదాకా లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.